ఇరవై రోజులకే అయిపోయిన కంటిచుక్కల సీసా

“ఈ ప్రపంచంలో అసలైన డిటెక్టివులు ఇద్దరే ఇద్దరు అక్కా! ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాడు ఇదిగో, నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు.”

నిజానికి ఆ రెండోవాడు కాఫీ తాగడం లేదు, చొక్కా మీద పోసుకుంటున్నాడు. టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి తమ్ముడి మీదికి ఒక గుడ్డపేలిక విసిరింది. వాడి గొప్పలు ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు పలక పగలగొట్టి, పలకే తన మీదికి దూకిందని నాన్నతో వాదించినవాడు.

వీధిలో అందరూ ఈ తమ్ముణ్ణి భూతద్దం అంటారు. ముప్పై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివాడు. రిటైరైన రోజున ఏం కొనివ్వాలో తోచక ఆఫీసువాళ్లు ఒక పెద్ద భూతద్దం కొనిచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ పాపం ఇప్పటికీ వీధి మోస్తోంది. మర్నాటి నుంచే ఆయన డిటెక్టివ్ అయిపోయాడు. ఎదురింటివాళ్ల గొడుగు పోయిన కేసులో వారం రోజులు జోరువానలో తిరిగి ఆధారాలు సేకరించాడు, ఆ గొడుగే వేసుకుని.

ఆలోచించాల్సి వస్తే చూపుడువేలితో కుడిచెవి వెనక గోక్కోవడం ఆయన అలవాటు. “మెదడు తలుపు అక్కడే ఉంది, తట్టాలి” అంటాడు. ఇన్నేళ్లుగా తడుతూనే ఉన్నాడు. లోపలినుంచి ఎవరూ పలికిన దాఖలా లేదు.

ఆ రోజు తలుపు తట్టడానికి కారణం ఒక చిన్న సీసా.

టైలరమ్మ కుడికంటికి గ్లాకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును కొద్దికొద్దిగా కొరికేసే జబ్బు. అందుకు ఉదయం ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క వేసుకోవాలి. నెల రావాల్సిన సీసా ఇరవై రోజులకే అయిపోయింది. కోడలు ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, “ఇదేంటత్తయ్యా, అప్పుడే అయిపోయింది?” అని మామూలుగా అడిగింది.

“ఏమోనే, నాకేం తెలుసు?” అంది టైలరమ్మ.

తెలుసు. బాగా తెలుసు. సాయంత్రం చుక్క కోడలు వేస్తుంది, అది సూటిగా కంట్లోనే పడుతుంది. ఉదయం చుక్క మాత్రం “నేనేమన్నా చంటిపిల్లనా?” అంటూ మంచం మీద పడుకునే తనే వేసుకుంటుంది. మొదటి చుక్క చెంప మీదో ముక్కు మీదో, అదృష్టం బాగుంటే రెండోది కంట్లో. ఆర్నెల్లుగా చెయ్యి వణుకుతోంది. టైలరు చెయ్యి వణుకుతోందని బయటికి పొక్కితే ఇక గుడ్డ ఇచ్చేదెవరు? బ్యాండువాళ్ల ఎర్రకోట్లు పన్నెండు బల్లమీద పడి ఉన్నాయి. కాలర్లకీ చేతులకీ బంగారు రంగు లేసు కుట్టి పదిరోజుల్లో ఇవ్వాలి. ముప్పై ఐదేళ్ల పేరు ఆ సన్నటి లేసు మీద ఆధారపడి ఉంది. అందుకే ఒక్క చిన్న అబద్ధం ఆడింది. కోడలు కూడా గుచ్చి అడగలేదు.

కానీ భూతద్దం విన్నాడు.

“ఏమో! ఏమో అన్నావక్కా!” అని లేచి నిలబడ్డాడు. మిగిలిన కాఫీ కూడా చొక్కా మీదికి వచ్చేసింది. “వాడకం అంతే ఉండి మీటరు ఎక్కువ తిరిగితే దాని అర్థమేంటి? ఇంట్లో ఎవరో దొంగ కనెక్షన్ లాగారని! ముప్పై రెండేళ్ల అనుభవం! చుక్కల సీసా కూడా ఒక మీటరే!”

“ఒరేయ్, కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?”

“కంద ఎప్పుడూ ఒప్పుకోదక్కా. అందుకే కత్తిపీట ఉండేది.” భూతద్దంలోంచి సీసాను, సీసాలోంచి కోడల్ని చూశాడు. “ఈ ఇంట్లో మనుషులు ఇద్దరు. ఒకరు బాధితురాలు. ఇక మిగిలింది...”

కోడలు ఆయన ముందున్న కాఫీ గ్లాసు అందుకుంది. “బాబాయిగారూ, ఇది కడిగేయొచ్చా? సాక్ష్యం కింద ఉంచాలా?”

“ధైర్యం! చూశావా అక్కా, ఎంత ధైర్యమో! నేరం చేసినవాళ్లకే ఇంత ధైర్యం ఉంటుంది.”

“చెయ్యనివాళ్లకో?”

“వాళ్లకీ ఉంటుంది. అక్కడే వస్తుంది చిక్కు.”

టైలరమ్మ అప్పుడే నోరు విప్పి ఉంటే కథ అక్కడికి సరిపోయేది. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వణికే చేతిని ఎర్రకోటు కిందికి దాచుకుంది. రేపటినుంచి కొత్త సీసాలోంచి రెండు పూటలా చుక్కలు తన స్వహస్తాలతో వేస్తానని, మరెవరూ సీసా ముట్టకూడదని భూతద్దం ప్రకటించినప్పుడు కూడా మాట్లాడలేదు. వాడే వేస్తే ఉదయం పూట తన వణుకు ఎవరి కంటా పడదు కదా అనుకుంది. కోడలి ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. “మీ ఇష్టం అత్తయ్యా” అని లోపలికి వెళ్లిపోయింది. టైలరమ్మ ఆ ముఖం చూసింది, చూడనట్టు సూదిలోకి దారం ఎక్కించబోయింది. అదీ ఎక్కలేదు.

పరిశోధనలో రెండో అంకం, నేరస్థురాలిని వెంబడించడం. కోడలు రోజూ నాలుగింటికి ఒక గుడ్డసంచి పట్టుకుని బస్సెక్కుతుంది, ఆరింటికి తిరిగొస్తుంది. ఎక్కడికంటే స్నేహితురాలింటికి అంటుంది. డిటెక్టివ్‌కి ఇంతకంటే ఏం కావాలి? బస్సెక్కగలగడం కావాలి. ఆ ఒక్కటే ఆయన దగ్గర లేదు. ముప్పై రెండేళ్లు కాలినడకన మీటర్లు చదివింది విధి మీద భక్తితో కాదు. బండి ఏదైనా సరే, ఎక్కిన రెండో స్టాపుకల్లా కడుపులో ఉన్నదంతా కిటికీలోంచి అప్పజెప్పేస్తాడు.

“అక్కా, మీవాడి సొరుగులోంచి ఒకటి తీసుకున్నా” అన్నాడు మర్నాడు పొద్దున్నే. టైలరమ్మ కొడుకు ఓడలో ఇంజను మెకానిక్కు. కొత్తలో సముద్రం పడక, చెవి వెనక అంటించుకునే వాంతుల పట్టీలు వాడేవాడు. రూపాయి బిళ్ళంత ఉంటుంది పట్టీ. అంటించుకుంటే మూడు రోజులు కడుపులో తిప్పదు.

“అంటించుకుంటే అంటించుకో, ఇల్లంతా చిందరవందర చెయ్యకు” అంది టైలరమ్మ.

కళ్ల డాక్టరు ఆమెకు ఎప్పుడో చెప్పాడు, వాంతుల మందుగానీ ప్రయాణాల మాత్రగానీ తనని అడక్కుండా మింగొద్దని. ఆ మాట ఆమెకు గుర్తుంది. అయితే మింగింది ఎవరు? వాడు అంటించుకున్నాడు. వాడి చెవి వేరు, తన కన్ను వేరు.

ఆ ఉదయం చుక్క వేసే కార్యక్రమం అరగంట నడిచింది.

“తల వెనక్కి పెట్టు. ఇంకొంచెం. మరీ అంత కాదు. ఉండు, కోణం ఆలోచించాలి.” చెవి వెనక తలుపు తట్టాడు. “ఫ్యాన్ గాలి ఎటువైపు నుంచి వస్తోంది?” మళ్లీ తట్టాడు. కొత్త పట్టీ కాస్త దురద పెడుతున్నట్టుంది, బాగా గోక్కున్నాడు. తర్వాత ఆ వేలితోనే అక్క కుడికంటి కిందిరెప్ప లాగి పట్టుకుని ఒక చుక్క వదిలాడు. “చూశావా? ఒకే చుక్క, ఒకే దెబ్బ!”

పడిందన్నమాట నిజమే. సాయంత్రమూ అలాగే పడింది. తమ్ముడు జీవితంలో మొదటిసారి ఒక పని సరిగ్గా చేశాడని టైలరమ్మ మురిసిపోయింది కూడా. ఎంత పొరపాటు!

ఆ సాయంత్రం ఏడింటికి డిటెక్టివ్ నివేదిక సమర్పించాడు.

“మారువేషంలో బస్సెక్కానక్కా. నల్లకళ్లద్దాలు, పెట్టుడు మీసం. నా నీడ కూడా నన్ను గుర్తుపట్టలేదు.”

“తర్వాత?”

“నీ కోడలు వచ్చి పక్క సీట్లో కూర్చుని, ‘బాబాయిగారూ, మీసం ఊడిపోతోంది, చూసుకోండి’ అంది. నా టికెట్టు కూడా తనే తీసింది.”

“ఎక్కడ దిగింది?”

“అది అడక్కు. నేను మూడో స్టాపులో దిగిపోయాను. వ్యూహాత్మకంగా.”

రెండో రోజు సాయంత్రం మాత్రం ఊపిరాడకుండా పరిగెత్తుకొచ్చి, తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, దీపం కూడా ఆర్పబోతే టైలరమ్మ చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

“దొరికిందక్కా! అడ్డా దొరికింది! వేరే బస్సెక్కి, దారితప్పి, సరిగ్గా నీ కోడలు లోపలికెళ్తున్న ఇంటి ముందే దిగాను. చూశావా, నేను దారితప్పినా దారి నన్ను తప్పదు. తలుపుకి చెవి ఆనించి విన్నాను. లోపల యంత్రం! టకటకటకటకమని! ఏ యంత్రం అయ్యుంటుంది?”

“నువ్వే చెప్పు.”

“సీసాలకి మూతలు బిగించే యంత్రం! నీ చుక్కలు కొంచెం కొంచెం తీసుకెళ్లి, నీళ్లు కలిపి, కొత్త సీసాల్లో పోసి... దీని వెనక పెద్ద ముఠా ఉంది అక్కా!”

టైలరమ్మ కాలు మిషను పెడలు మీదే ఉంది. ఒక్క తొక్కు తొక్కింది. “ఇలాంటి మోతేనా?”

“అచ్చం ఇదే! కానీ అది చాలా ప్రమాదకరంగా మోగుతోంది.”

“ఒరేయ్ తిక్కసన్నాసీ, అది కుట్టుమిషన్రా!”

“నువ్వు అమాయకురాలివక్కా. మనం అలా అనుకోవాలనే ముఠా కూడా కోరుకునేది.” చెవి వెనక గోక్కుని, చుక్కల సీసా తీశాడు.

చుక్క వేసి వాడు వెళ్లిపోయాడు కానీ ఆ మోత టైలరమ్మ చెవిలో మిగిలిపోయింది. కుట్టుమిషను. కోడలు తన దగ్గరే కుట్టడం నేర్చుకుంది. మరి రోజూ ఎక్కడికో వెళ్లి ఎవరి మిషను మీదో ఏం కుడుతోంది? ఆ సంచి ఎందుకు? దొంగతనాలూ ముఠాలూ ఆమె నమ్మలేదు. దానికంటే చిన్నదీ, అంతకంటే ఎక్కువ నొప్పి పెట్టేదీ ఒకటి నమ్మింది. అత్తగారి చేతులు వణుకుతున్నాయని పిల్ల కనిపెట్టేసింది, తన గిరాకీనే మెల్లగా అటు మళ్లిస్తోంది. అంతే అయ్యుంటుంది. ఆ రాత్రి కోడలు “కన్నెలా ఉందత్తయ్యా?” అని అడిగితే, “ఉంది, పోతుందని నువ్వేం ఆశ పెట్టుకోనక్కర్లేదు” అనేసింది. ఆ పిల్ల చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది.

మూడో రోజు ఉదయం డిటెక్టివ్ నల్లకళ్లద్దాలతో వచ్చాడు. ఎండ కంట్లో గుచ్చుకుంటోందట. తన నోటుపుస్తకంలో తను రాసుకున్నది తనకే కనిపించడం లేదట. “మేధావులకి ఇలా జరుగుతుంది” అంటూ కళ్లు నులుముకుని, తలుపు తట్టి, చుక్క వేసి, నిఘాకు బయల్దేరాడు.

మధ్యాహ్నానికి టైలరమ్మకు దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించాయి. కుడికన్ను ఎర్రబడింది, కనుబొమ దగ్గర పోటు మొదలైంది. ఎర్రకోటు మీద లేసు కుడుతుంటే రెండు లేసులు కనిపించాయి. తప్పుదాన్ని కుట్టింది. కాసేపటికి కడుపులో తిప్పడం మొదలైంది. భయమేసింది ఆమెకు. చెయ్యి వణికితే కనీసం దాచుకోవచ్చు. కన్ను పోతే ఏం దాచుకుంటుంది?

కోడలు పరిగెత్తుకొచ్చి, “డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండత్తయ్యా” అని చెయ్యి పట్టుకునేసరికి, గుమ్మంలో భూతద్దం ప్రత్యక్షమయ్యాడు.

“విషం!” అన్నాడు. “నేను అనుకున్నంతా అయింది! ఎవరూ కదలొద్దు!” ఎవరూ కదలొద్దని ఆయనే కదిలి, సీసా ఒక చేత్తో, కోడలి సంచి ఇంకో చేత్తో లాక్కున్నాడు. “ముందు ఈ మందు అమ్మినవాళ్ల సంగతి తేల్చాలి. ముఠా తల అక్కడుంది!”

“బాబాయిగారూ, ఇప్పుడు కావాల్సింది డాక్టరు!”

“మందుల షాపు దాటే కదా డాక్టరు దగ్గరికి వెళ్లాలి? దారిలో పట్టుకుందాం.”

ఆయన జీవితంలో అన్న ఒకే ఒక్క ఉపయోగకరమైన మాట ఇది. అదీ ఉపయోగపడాలని అన్నది కాదు.

మందుల షాపు వీధి చివర. గాజు అరల మధ్య కూర్చుని డబ్బాల మీద చీటీలు అంటిస్తున్న షాపావిడ తలెత్తింది. నవ్వని మనిషి. మందు ఇచ్చాక ఎలా వాడాలో రెండుసార్లు చెబుతుంది, మూడోసారి అడిగితే తిడుతుంది.

“ఏం కావాలి?”

“నిజం కావాలి!” అన్నాడు భూతద్దం బల్లగుద్ది.

“అది మా దగ్గర ఉండదు. మాత్రలుంటాయి.”

“ఈ సీసాలో ఏం కలిపావు?”

“సీల్ తీసింది మీరు. కలిపితే మీరే కలపాలి.” ఆమె చూపు ఆయన్ని దాటి టైలరమ్మ మీద పడింది. వెంటనే కుర్చీ లాగి కూర్చోబెట్టింది. “కన్ను ఇంత ఎర్రగా ఉందేంటమ్మా? ఎప్పట్నుంచి?”

“మధ్యాహ్నం నుంచి. దీపం చుట్టూ వలయాలు...” మాట పూర్తికాకుండానే టైలరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“వాంతా? దానికి నా దగ్గర బ్రహ్మాండమైన మాత్ర ఉంది!” డిటెక్టివ్ జేబులోంచి ప్రయాణాల మాత్ర తీసి అక్క నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. “ఇది వేసుకుంటే...”

షాపావిడ బల్లమీదినుంచి వంగి ఆయన చేతిమీద ఫటాలున కొట్టింది. మాత్ర వెళ్లి దగ్గుమందుల అర కింద పడింది.

“ఆవిడకి గ్లాకోమా అండీ! బుద్ధుందా మీకు? ఆవిడ కంట్లో నీళ్లు బయటికి పోయే దారే ఇరుకు. మేమిచ్చే చుక్కలు కంటిపాపని చిన్నగా ఉంచి ఆ దారి తెరిచి ఉంచుతాయి. వాంతుల మందుల్లో కొన్ని పాపని పెద్దది చేస్తాయి. దారి మూసుకుపోతుంది, ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. ఆ వాంతి కడుపుది కాదు, కంటిది!” టైలరమ్మ వైపు తిరిగింది. “నిజం చెప్పండమ్మా. ఇలాంటి మాత్ర ఏదైనా మింగారా?”

“లేదమ్మా. ఒట్టు. డాక్టరు వద్దన్నాక జలుబు మందు కూడా వేసుకోలేదు.”

షాపావిడ నుదురు ముడిపడింది. “మరి ఇలా ఎందుకవుతుంది? కంటిపాప చూస్తే ఇంత పెద్దదైంది.”

“నేను చెబుతాను!” అన్నాడు భూతద్దం. ఘట్టం వచ్చేసింది. నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కోడలి సంచి బల్లమీద పెట్టాడు. “ఈ గదిలోనే ఉంది నేరస్థురాలు! తప్పించుకునే దారి లేదు! నా కళ్లు అబద్ధాన్ని చూస్తే పసిగట్టేస్తాయి. నా కళ్లల్లోకి చూసి చెప్పు!” అంటూ చేతిలోని అద్దం ఎత్తి కుడికంటికి పెట్టుకుని, బల్లమీదికి వంగి షాపావిడ ముఖంలోకి ముఖం పెట్టాడు.

షాపావిడ చూసింది. భూతద్దంలోంచి ఆయన కన్ను బంతిలా కనిపిస్తోంది. అందులో పాప చుట్టూ ఉండాల్సిన గోధుమరంగు వలయం దాదాపు లేదు. నల్లటి బావిలా ఉంది. ఆమె రెండో కన్ను చూసింది. ఎడమ పాప మిరియపుగింజంత ఉంది.

“కదలకండి” అంది.

“భయపడింది! చూశావా అక్కా, భయపడింది!”

“నోర్ముయ్యండి. ఎండ గుచ్చుకుంటోందా?”

“మేధావులకి...”

“అక్షరాలు అలుక్కుపోతున్నాయా? ఒక్క కన్నే కదూ?”

డిటెక్టివ్ నోరు తెరుచుకుంది. ఇంతవరకూ ఎవరూ ఆయన్ని పరిశోధించలేదు. ఇబ్బందిలో పడి అలవాటుగా చెవి వెనక చెయ్యి పెట్టాడు.

“ఆగండి! చెవి వెనక ఏముంది అక్కడ?”

“అదా? వాంతుల పట్టీ. బస్సులో...”

“ఎన్నాళ్లయింది?”

“మూడు రోజులు. నిఘా మొదలైనప్పటినుంచి.”

“ఆ వేలితోనే కళ్లు నులుముకున్నారా?”

“నులుముకుంటే ఏం?”

“ఈవిడ కంట్లో చుక్కలు వేసేదెవరు?”

కోడలు భూతద్దం వైపు చూసింది. టైలరమ్మ ఉన్న ఒక్క మంచి కంటితో తమ్ముడి చూపుడువేలి వైపు చూసింది. ఆ వేలు ఇంకా చెవి వెనకే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. వీడు నేరస్థుణ్ణి ఏకంగా చేతికి తగిలించుకుని తిరిగాడు.

“నేనే” అన్నాడు డిటెక్టివ్, వేలు మెల్లగా కిందికి దించుకుంటూ.

“రోజుకి రెండుసార్లు పట్టీ తడిమి, అదే వేలు కడుక్కోకుండా ఆవిడ కంట్లో పెట్టారు. చుక్కలు పాపని ఇటు లాగుతుంటే మీ వేలు అటు లాగుతోంది. మీ కంటికైతే వెలుతురు గుచ్చుకుని ఊరుకుంది. ఆవిడకి కన్నే పోయేది!” షాపావిడ బయటికొచ్చి కారు పిలిచింది. కళ్లాసుపత్రికి ఫోన్ చేసి రెండు ముక్కల్లో విషయం చెప్పింది. తర్వాత డిటెక్టివ్ చేత పట్టీ పీకించి, మడిచి చెత్తలో వేయించి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగించింది. మూడోసారి అడక్కుండానే తిట్టింది.

పట్టీ పీకేశారు, కారెక్కారు. మొదటి మలుపు దాటాడు, రెండో మలుపు దాటలేదు. మహా డిటెక్టివ్ మిగిలిన దారంతా కిటికీలోంచి తల బయటపెట్టి ప్రయాణించాడు. నొప్పితో అల్లాడుతున్న టైలరమ్మకు కూడా ఒక క్షణం హాయనిపించింది. అలా అనిపించినందుకు ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు.

ఆసుపత్రిలో వెంటనే చుక్కలు వేశారు, సూది మందు ఇచ్చారు. సాయంత్రానికి ఒత్తిడి దిగింది. “కారణం తెలియబట్టి సరిపోయింది” అన్నాడు డాక్టరు. “ఇంకో పూట ఆ వేలే చుక్కలు వేసుంటే, చూపు గురించి నేను మాటిచ్చేవాణ్ణి కాదు. లేజరుతో చిన్న దారి చేద్దాం, రెండు రోజులాగి రండి.”

బయట బల్లమీద భూతద్దం ఉతికి ఆరేసిన చొక్కాలా పడి ఉన్నాడు. టైలరమ్మ కుడికంటికి కట్టు కట్టుకుని అటు చివర కూర్చుంది. పక్కన కోడలు, ఒళ్లో సంచి.

“దాంట్లో ఏముందే?” అని అడిగింది టైలరమ్మ.

కోడలు సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. “ఏం లేదత్తయ్యా.”

టైలరమ్మ చెయ్యి పెట్టి లాగింది. ఎర్రకోటు వచ్చింది. పోయిన వారం తను పూర్తి చేసి మడతపెట్టిన కోటు. కాలరు మీద వేళ్లతో తడిమింది. ముప్పై ఐదేళ్ల వేళ్లకు కన్ను అక్కర్లేదు. లేసు సూటిగా, గీత గీసినట్టు ఉంది. అది తన కుట్టు కాదు. తన కుట్టు ఎలా వచ్చిందో తనకు తెలుసు. కింద ఇంకో కోటు, కుట్లు విప్పే కత్తి, విప్పిన బంగారు దారపు ముక్కలు.

“ఎన్నాళ్లనుంచి?”

“నాలుగు నెలలు.” కోడలు తల ఎత్తలేదు. “ఇంట్లో కుడితే మీకు వినిపిస్తుందని మా ఫ్రెండ్ మిషను మీద... మీరు బాధపడతారని చెప్పలేదత్తయ్యా. మీరు మడతపెట్టినవే తీసుకెళ్లి, మళ్లీ అలాగే మడతపెట్టేదాన్ని.”

“చుక్కలు నేనే పారబోస్తున్నానని కూడా తెలుసా?”

“దిండు గలీబు ఉతికేది నేనే కదా.”

“మరి సీసా గురించి ఎందుకడిగావే?”

“మీరే చెబుతారేమోనని.”

నిన్న తను ఏమన్నదో గుర్తొచ్చి టైలరమ్మ ముఖం మండిపోయింది. తమ్ముడికి బుద్ధి లేదని అందరికీ తెలుసు. బుద్ధి ఉండి కూడా ఈ పిల్లని అనుమానించింది తను. ఆ వెధవ వేలు కన్ను పొడిచింది, తన నోరు అంతకంటే లోతుగా పొడిచింది.

“తప్పు నాదేనే” అంది. “చెయ్యి వణుకుతోందమ్మా నాకు. ఇంక కుట్టలేను.”

“కత్తిరించడానికేం వణకదుగా? కత్తిరింపులో మీ చెయ్యి పడినట్టు ఎవరికీ పడదు. మీరు కత్తిరించండి, నేను కుడతా. సంచి మొయ్యలేక నా భుజం కూడా లాగేస్తోంది.”

టైలరమ్మ నవ్వబోయి, కన్ను నొప్పెట్టి ఆగిపోయింది. కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్నంతసేపూ తన చెయ్యి వణికిందో లేదో ఆమె చూసుకోలేదు.

బల్లకు ఇటు చివర కదలిక వచ్చింది. “మొత్తానికి కేసు తేలిపోయింది” అంది ఒక నీరసమైన గొంతు. “నేరస్థుణ్ణి పట్టిచ్చింది మాత్రం నా భూతద్దమే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకూడదు.”

కోడలు కోటు మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

పన్నెండు కోట్లూ అనుకున్న రోజుకే వెళ్లాయి. బ్యాండు మాస్టరు కాలరు తిప్పి చూసి, “మీ చెయ్యి చెయ్యే అమ్మా” అన్నాడు. “నాది కాదు, మా కోడలిది” అంది టైలరమ్మ, అక్కడున్న నలుగురికీ వినిపించేలా. చుక్కలు ఇప్పుడు రెండు పూటలా కోడలే వేస్తోంది, చేతులు కడుక్కుని.

నెల తిరిగింది. సరిగ్గా ముప్పయ్యో రోజున సీసా ఖాళీ అయింది. వాకిట్లో కాఫీ కోసం ఎదురుచూస్తున్న భూతద్దం ఆ సీసాను అందుకుని, వెలుతురుకు ఎత్తి, అద్దంలోంచి చూసి, గభాలున లేచి నిలబడ్డాడు.

“అక్కా! ఇరవై రోజులకే అయిపోయే సీసా ముప్పై రోజులు ఎలా వచ్చింది? ఎవరో రహస్యంగా నింపుతున్నారు!”

చూపుడువేలు చెవి వెనక్కి వెళ్లింది.

టైలరమ్మ గుడ్డ మీద సుద్దగీత గీస్తూ తల కూడా ఎత్తలేదు. కాలితో బల్లకింద ఉన్న సబ్బుపెట్టెను తమ్ముడి వైపు నెట్టింది.

“ముందు చేతులు కడుక్కునిరా, పో” అంది.